చక్రాల కుర్చీలో కూర్చుండి చేతులను బాగుచేసిన వైద్యురాలు: డాక్టర్ మేరీ వర్గీస్

ప్రభువైన యేసు సమాజమందిరంలో బాగుచేసిన ఊచచెయ్యిగలవాని సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు సైతం తెలిసినదే. ఆ చెయ్యి కుడిచెయ్యి అని ప్రత్యేకంగా వ్రాసినవాడు సువార్తికులలో లూకా ఒక్కడే. కుడిచెయ్యి పోయినవాడు నాగలి పట్టలేడు, ఉలి పట్టలేడు, కూలికి పిలిచేవారు ఉండరు. ప్రభువు ఆ మనిషిని మొదట అందరి మధ్య నిలువమన్నాడు, ఆ తరువాతనే చెయ్యి చాపమన్నాడు. చెయ్యి బాగుపడడం, మనుషుల మధ్య చోటు దొరకడం, ఈ రెండు కార్యాలూ ఒకే గడియలో జరిగాయి.

అట్టి పరిచర్యను మన దేశంలోనే, మన పొరుగున ఉన్న వేలూరులో, నడువలేని ఒక స్త్రీ జరిగించింది. ఆమెయే డాక్టర్ మేరీ వర్గీస్ గారు. 1986లో ఆమె ప్రభువునందు నిద్రించారు. మన అధ్యక్ష మండలపు శతవార్షికోత్సవ వేళ, దేవాలయం పక్కనే వైద్యశాలను నిలిపిన మన పూర్వులను జ్ఞాపకం చేసుకుంటున్నాము. గనుక ఆమె జీవితాన్ని సంఘస్థుల ముందు ఉంచడం సముచితమని తలంచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

వేలూరు పిలుపు

మేరీ వర్గీస్ గారు 1925లో కేరళలోని కొచ్చి ప్రాంతంలో ఒక క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. వైద్యవిద్య నిమిత్తం వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. రాయవేలూరు మన తెలుగువారికి పరాయి ఊరు కాదు. చిత్తూరు, కడప, అనంతపురం ప్రాంతాల నుండే గాక కోస్తా నుండి, తెలంగాణ నుండి కూడా రోగులు కాట్పాడి స్టేషనులో దిగి ఆ ఆసుపత్రి గుమ్మం తొక్కుతూనే ఉన్నారు. 1900లో డాక్టర్ ఐడా స్కడర్ గారు ఒక్క పడకతో ఆరంభించిన పని అది. 1918లో అక్కడ స్త్రీలకు వైద్య పాఠశాల ఏర్పడింది. 1942లో అది ఎం.బి.బి.ఎస్. చదువు చెప్పే కళాశాలగా ఎదిగింది. 1947 నుండి పురుషులను కూడా చేర్చుకున్నారు.

మేరీ గారు పట్టభద్రులై అదే ఆసుపత్రిలో పనికి చేరారు. స్త్రీల వ్యాధుల వైద్యంలో నిపుణురాలు కావాలన్నది ఆమె ఆశ. ఆరోగ్యం ఉంది, చదువు ఉంది, ముందు దారి తెరిచి ఉంది. ఆమె జీవితం అలాగే సాగి ఉంటే మంచి వైద్యురాలిగా పేరు పొంది ఉండేవారు. అయితే దారి మధ్యలోనే మలుపు తిరిగింది.

1954 జనవరి

1954 జనవరిలో ఆసుపత్రికి చెందిన కొందరు యువ వైద్యులు కలిసి ఒక వాహనంలో ప్రయాణమై వెళ్లారు. దారిలో వాహనం బోల్తాపడింది. అందరికంటె ఎక్కువగా గాయపడినది మేరీ గారే. ముఖం తీవ్రంగా గాయపడింది, ఆ మచ్చ జీవితాంతం నిలిచిపోయింది. వెన్నెముక దెబ్బతిని నడుము క్రింది భాగమంతా చచ్చుబడింది. అప్పటికి ఆమెకు ముప్పది ఏండ్లు కూడ నిండలేదు.

నెలల తరబడి మంచమే ఆమె లోకమైంది. శస్త్రచికిత్సలు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. నడక మాత్రం తిరిగి రాలేదు. ఆ రోజులలో మన దేశంలో వెన్నెముక విరిగినవారిని ఇంటికి పంపి ఒక మూల పడుకోబెట్టడమే ఆచారం. పుండ్లు పడి, మూత్రకోశానికి చీము పట్టి, అనేకులు కొద్ది కాలానికే కన్నుమూసేవారు. మేరీ గారికి కూడ అదే గతి పట్టి ఉండవచ్చును. స్వయంగా వైద్యురాలు గనుక తన స్థితి ఎట్టిదో ఆమెకు ఇతరులు చెప్పనక్కర లేదు. ఆ చీకటి దినాలలో ఆమెకు ఒక మార్గం చూపినవారు డాక్టర్ పాల్ బ్రాండ్ గారు.

చేతుల వైద్యుడు

పాల్ బ్రాండ్ గారు 1914లో తమిళ దేశపు కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు జన్మించారు. ఇంగ్లండులో మొదట వడ్రంగం, ఇండ్లు కట్టే పని నేర్చుకొని, తరువాత వైద్యం చదివారు. రెండవ ప్రపంచ యుద్ధంలో లండను మీద బాంబులు కురిసిన కాలంలో గాయపడినవారికి చికిత్స చేస్తూ శస్త్రవైద్యంలో ఆరితేరారు. 1946లో వేలూరుకు వచ్చారు. 1947లో చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిని దర్శించినప్పుడు, వ్రేళ్లు ముడుచుకుపోయిన ఒక రోగి చేతిలో తన చెయ్యి పెట్టి పట్టుకొమ్మన్నారు. అతని పట్టు ఆశ్చర్యం కలిగించేంత బలంగా ఉంది. అనగా ఆ చేతిలో కండలన్నీ చావలేదు, కొన్ని మాత్రమే చచ్చాయి. మంచి కండలను కొత్త పనికి మళ్లిస్తే ముడుచుకున్న వ్రేళ్లు తెరుచుకుంటాయన్న తలంపు అక్కడ పుట్టింది. ఆ విధమైన శస్త్రచికిత్సకు ఆయన ఆద్యులలో ఒకరు.

మేరీ గారు చేతుల శస్త్రచికిత్స నేర్చుకోవచ్చునని బ్రాండ్ గారు ఆలోచన చెప్పారు. కడుపుకో కాలికో శస్త్రచికిత్స చేసే వైద్యుడు గంటల తరబడి నిలువబడాలి. చెయ్యి విషయం అలా కాదు. రోగిని బల్లమీద పడుకోబెట్టి, అతని చేతిని పక్కన చిన్న బల్లమీద చాపి, వైద్యుడు కూర్చుండియే పని చేస్తాడు. చేతిలోని భాగాలు అంత సన్ననివి గనుక మోచేతులు బల్లకు ఆనించి చేస్తేనే వ్రేళ్లు వణకకుండా ఉంటాయి. నిలువబడలేని వైద్యురాలికి దేవుడు కూర్చుండి చేసే పనిని చూపించాడు. పోయిన కాళ్లను గూర్చి దుఃఖిస్తున్న ఆమెకు తనవద్ద మిగిలిన చేతులు కనబడ్డాయి.

చేతిని చదవడం

చేతుల వైద్యానికి పూనుకొన్నవారు కత్తి పట్టడానికి ముందు చేతిని చదవడం నేర్చుకోవాలి. గాయపడిన చెయ్యి ఎంత భయంకరంగా కనబడినా, మొదట మనిషిని మొత్తంగా చూడాలి. ఊపిరి సరిగా ఉన్నదా, మరెక్కడైనా రక్తం పోతున్నదా అని పరిశీలించాలి. ఆ తరువాత ప్రశ్నలు. ఏ చేతివాటం, ఏమి పని చేస్తాడు, దెబ్బ కత్తిదా, యంత్రంలో నలిగినదా, కాలినదా, జరిగి ఎంతసేపయింది, మట్టి, పేడ వంటివి తగిలాయా. కుట్టుపనివానికి కావలసిన చెయ్యి వేరు, రాళ్లు కొట్టేవానికి కావలసిన చెయ్యి వేరు. అందుచేత మనిషి వృత్తి తెలియకుండా వైద్యం నిర్ణయించరాదు.

ఆపైన రక్తప్రసారం. గోటిని నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు క్షణాలలో తిరిగి ఎర్రబడాలి. అలా కాకపోతే రక్తనాళానికి దెబ్బ తగిలిందని అనుమానించాలి. పిమ్మట స్పర్శ. ప్రతి వ్రేలికి ఇరువైపులా ఒక్కొక్క నరం ఉంది గనుక రెండు వైపులా తాకి అడగాలి. మత్తు సూది వేసిన తరువాత ఈ పరీక్ష చేయడానికి వీలుండదు. పిమ్మట కదలిక. కండను ఎముకకు కట్టే తాడువంటి దానిని టెండన్ అంటారు. ఊరక ఉంచిన చేతిలో వ్రేళ్లన్నీ కొద్దిగా లోపలికి వంగి ఉంటాయి. ఒక వ్రేలు మాత్రం చాపినట్టే ఉంటే దాని టెండన్ తెగిందన్నమాట. గాజుపెంకు చేసిన అంగుళమంత గాయం క్రింద కూడ టెండన్, నరం రెండూ తెగి ఉండవచ్చును. పైన చర్మం కుట్టి పంపివేస్తే ఆ వ్రేలు జన్మంతా వంగదు. చివరకు ఎముకల కొరకు ఎక్స్‌రే.

చికిత్సకు కూడ ఒక క్రమం ఉంది. గాయాన్ని ధారాళంగా కడిగి, చచ్చిన కండను తీసివేస్తారు. ఎముకను నిలబెడతారు, టెండన్లను, రక్తనాళాలను, నరాలను కలుపుతారు, పైన చర్మం కప్పుతారు. మురికి గాయాన్ని తొందరపడి కుట్టివేస్తే లోపల చీము పడుతుంది. ఇల్లు కట్టేవాడు పునాది, గోడ, కప్పు అనే వరుస తప్పనట్టే ఈ వరుస కూడ తప్పరానిది.

నొప్పి లేని గాయం

మేరీ గారి దగ్గరకు వచ్చిన కుష్ఠురోగుల చేతులలో ఈ గాయాలకు తోడు మరొక ఆపద ఉండేది. ఆ వ్యాధి మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర ఉన్న నరాలను పాడుచేస్తుంది. దానివల్ల వ్రేళ్లు గోరుముడుపు పడతాయి, బొటనవ్రేలు తక్కిన వ్రేళ్లను తాకలేదు, స్పర్శ పోతుంది. కుష్ఠువల్ల వ్రేళ్లు వాటంతట అవే రాలిపోతాయని లోకం అనుకొన్నది. అది నిజం కాదని వేలూరులో బ్రాండ్ గారు, ఆయన తోటివారు జాగ్రత్తగా పరిశీలించి తెలుసుకొన్నారు. మండుతున్న గిన్నెను పట్టుకొన్నా వేడి తెలియదు. పార కామ బొబ్బలెక్కించినా నొప్పి తెలియదు. రాత్రి ఎలుక కొరికినా మెలకువ రాదు. గాయం మీద గాయమై, చీము ఎముకకు పట్టి, వ్రేలు కొంచెం కొంచెంగా తరిగిపోతుంది. మనం శాపమనుకొనే నొప్పి నిజానికి దేవుడు మన దేహానికి పెట్టిన కావలివాడు.

ముడుచుకుపోయిన వ్రేళ్లకు చేసే శస్త్రచికిత్సలో ముంజేతిలోని మంచి కండ నుండి టెండన్‌ను తీసి, దానిని పాయలుగా చేసి, వ్రేళ్లకు అతుకుతారు. తరువాత దాదాపు మూడు వారాలు చెయ్యి పిండికట్టులో ఉంటుంది. కట్టు విప్పిన తరువాత అసలు పని ఆరంభమవుతుంది. మణికట్టును కదిపిన కండతో వ్రేళ్లను కదపడం మెదడు కొత్తగా నేర్చుకోవాలి. చిన్నబిడ్డ ముద్ద పట్టుకోవడం నేర్చుకొన్నట్టు పెద్దవాడు మళ్లీ నేర్చుకోవాలి. అందుకు వారాల తరబడి వ్యాయామం, ఓర్పు, పక్కన నిలిచి ధైర్యం చెప్పే మనిషి కావాలి.

అట్టి మనిషి వారికి చక్రాల కుర్చీలోనే దొరికింది. అందరూ దూరం పెట్టిన రోగులకు, తమవలెనే దేహం చెడిన వైద్యురాలు వచ్చి తమ చేతులను ముట్టుకొని పరీక్షించడం గొప్ప ఆదరణ అయింది. ముఖం మీద మచ్చ, కదలని కాళ్లు ఆమె పరిచర్యకు అడ్డం కాలేదు, పైపెచ్చు తలుపు తెరిచాయి. చెయ్యి రాదని నిరాశపడినవాడు ఆమెను చూచిన తరువాత ఆ మాట అనడానికి సిగ్గుపడేవాడు.

కుట్టుతో ముగియని వైద్యం

ఆమె అంతటితో ఆగలేదు. చెయ్యి బాగుపడినా పని దొరకనివాడు, ప్రాణం దక్కినా మంచం దిగలేనివాడు దేశమంతటా ఉన్నారు. వారిని తిరిగి జీవితంలో నిలబెట్టే శాస్త్రం మన దేశంలో అప్పటికి ఇంకా వేళ్లూనలేదు. మేరీ గారు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి వెళ్లి, అంగవైకల్యంతో స్వతంత్రంగా జీవించే విధానాన్ని అభ్యసించారు. తరువాత న్యూయార్కులో డాక్టర్ హోవర్డ్ రస్క్ గారి సంస్థలో పునరావాస వైద్యం చదివారు. నడువలేని స్త్రీ సముద్రాలు దాటి పరాయి దేశాలలో చదువుకోవడం ఆ కాలంలో ఎంత సాహసమో మనం ఊహించుకోవచ్చును.

ఆమెకు విదేశాలలోనే ఉండిపోయే అవకాశం లేకపోలేదు. చక్రాల కుర్చీకి అనువైన బాటలు, గుమ్మాలు అక్కడ ఉన్నాయి, ఇక్కడ లేవు. అయినను ఆమె వేలూరుకే తిరిగి వచ్చారు. 1963లో ఆ ఆసుపత్రి పునరావాస వైద్య విభాగానికి అధిపతి అయ్యారు. మన దేశంలో మొదట ఏర్పడిన అట్టి విభాగాలలో అది ఒకటి. 1966లో రోగులు నివసించి శిక్షణ పొందే పునరావాస సంస్థ అక్కడ ఆరంభమైంది. వెన్నెముక విరిగినవారు, చేతులు, కాళ్లు పోగొట్టుకొన్నవారు అక్కడ తమంత తాము లేవడం, స్నానం చేయడం, వంట చేయడం, వృత్తి చేయడం నేర్చుకొన్నారు. 1972లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీ బిరుదుతో సత్కరించింది. డొరోతీ క్లార్క్ విల్సన్ అనే రచయిత్రి 1963లో ప్రకటించిన గ్రంథం ద్వారా ఆమె జీవితం అనేక దేశాల క్రైస్తవులకు తెలిసింది.

మన ఇండ్లకు, మన పొలాలకు

ఆమె జీవితాన్ని చదివి మెచ్చుకొని పుస్తకం మూసివేస్తే మనకు ప్రయోజనం కొంచెమే. మన సంఘస్థులలో అధికులు చేతులతో పనిచేసి బ్రదికేవారు. నూర్పిడి యంత్రం, గడ్డి కోసే యంత్రం, చెరకు గానుగ, రంపపు మిల్లు, పిండిమర, వీటిలో చెయ్యి పడిన సంగతులు మన ఊళ్లలో వింటూనే ఉన్నాము. దీపావళి టపాకాయ చేతిలో పేలిన పిల్లలు ఉన్నారు. వైద్యుని దగ్గరకు చేరేలోగా గడిచే మొదటి గంట మన చేతులలోనే ఉంటుంది.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డను మడిచి గాయం మీద గట్టిగా అదిమిపట్టి, చెయ్యి గుండెకంటె ఎత్తులో ఉంచాలి. త్రాడుతో, తీగతో బిగించి కట్టరాదు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసివేయాలి. పసుపు, సున్నం, కాఫీపొడి, కిరోసిన్, పేడ, ఇవేవీ గాయానికి తగలనీయరాదు. వ్రేలాడుతున్న భాగాన్ని కోసివేయరాదు, చిన్న చర్మపు పట్టీతో అంటుకొని ఉన్నా అది బ్రదుకవచ్చును. కాలిన చేతిని పారే చల్లని నీటిలో ఇరువది నిమిషాలపాటు ఉంచాలి. మత్తు ఇవ్వవలసి రావచ్చును గనుక గాయపడినవానికి తినడానికి, త్రాగడానికి ఏమీ పెట్టరాదు. ధనుర్వాతం సూది మరువరాదు.

వ్రేలు పూర్తిగా తెగిపడితే దానిని పారవేయరాదు. శుభ్రమైన నీటితో మురికిని మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. ఆ సంచిని మంచుగడ్డలు కలిపిన నీటిలో ఉంచి రోగితోపాటు తీసుకొనిపోవాలి. మంచు నేరుగా వ్రేలికి తగిలితే కండ చచ్చిపోతుంది. 1962లో అమెరికాలోని బోస్టనులో ఒక బాలుని తెగిన చేతిని తిరిగి అతికారు. 1965లో జపాను వైద్యులు పూర్తిగా తెగిన బొటనవ్రేలిని సూక్ష్మదర్శిని సాయంతో అతికారు. ఇప్పుడు మన దేశపు పెద్ద ఆసుపత్రులలో కూడ ఈ పని జరుగుతున్నది. అయితే ఆలస్యం పనికిరాదు. కండ ఎక్కువగా ఉన్న చెయ్యి చల్లదనంలో ఉంచకపోతే ఆరు గంటలు దాటిన తరువాత అతకడం కష్టం.

మరొక మాట. కుష్ఠును పూర్తిగా నయం చేసే మందులు ఇప్పుడు ఉన్నాయి. 1982 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స ద్వారా లక్షలాదిమంది స్వస్థత పొందారు. అయితే నొప్పి తెలియని గాయం మన మధ్య నుండి పోలేదు. షుగరు వ్యాధి ముదిరినవారికి కాళ్లలోనూ, ఒక్కొక్కప్పుడు చేతులలోనూ స్పర్శ తగ్గుతుంది. అట్టివారు ప్రతి రాత్రి ప్రార్థనకు ముందు తమ చేతులను, అరికాళ్లను కన్నులతో పరీక్షించుకొనుట మంచిది. కన్ను సరిగా కనబడకపోతే ఇంటివారు చూడాలి.

సంఘానికి మిగిలిన పని

చేతికి వైద్యం కుట్లు వేయడంతో ముగియదని మేరీ వర్గీస్ గారి జీవితం మనకు బోధిస్తున్నది. వైద్యుడు టెండన్‌ను అతుకుతాడు. వ్యాయామం నేర్పేవారు కదలిక తెప్పిస్తారు. ఆ మనిషిని మనుషుల మధ్యకు తెచ్చే పని మాత్రం ఇంటివారిది, సంఘానిది. వ్రేళ్లు పోయినవారు ప్రభువు బల్లయొద్ద చెయ్యి చాపడానికి వెనుదీసి, పైటచెంగు క్రిందనో కండువా క్రిందనో దానిని దాచుకొనడం కాపరులకు తెలియని విషయం కాదు. మన చూపులే వారిని అలా చేస్తున్నాయి. యంత్రంలో చెయ్యి పోయిన రైతుకూలీకి మనం మొదటి వారం పండ్లు తీసుకొనిపోతాము, ఆరవ నెలలో అతని ఇంటి పొయ్యి వెలుగుతున్నదా అని చూచేవారు అరుదు. అతనికి కావలసినది జాలికాదు. అతని చేతికి వీలైన పని, కూర్చునేందుకు చోటు, సంఘ కమిటీలో మాట, గాయక బృందంలో పాట, ఇవి కావాలి.

మేరీ గారి కాళ్లను తిరిగి ఇవ్వడానికి వేలూరులోని వైద్యులు శక్తివంచన లేక ప్రయత్నించి విఫలులయ్యారు. అయినా ఆమెకు పని ఇవ్వడంలో వారు విఫలులు కాలేదు. ఆ పని ఇవ్వకపోయి ఉంటే, ఆమె బాగుచేసిన చేతులలో ఎన్ని ముడుచుకునే ఉండిపోయేవో, ఆమె నిలబెట్టిన మనుషులలో ఎందరు మంచాన మిగిలిపోయేవారో దేవునికే తెలుసు. మన సంఘాలలో మూల కూర్చున్న ఒక్కొక్కరిని చూచినప్పుడు ఈ సంగతి మనకు జ్ఞాపకం రావాలి.

రెండవ శతాబ్దంలోనికి అడుగుపెట్టుచున్న మన అధ్యక్ష మండలంలోని ప్రతి సంఘం, తన మధ్యనున్న ఊచచెయ్యిగలవానిని వెదకి, ముందు వరుసలో నిలువబెట్టునట్లు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక.